చొక్కా చేతులు మడిచిన కెప్టెన్

ఫుట్‌బాల్ చూసేవాళ్లకు పీలే, మారడోనా పేర్లు కొత్త కాదు. వాలెంటినో మజోలా అంటే మాత్రం ఎవరతను అని అడిగేవాళ్లే ఎక్కువ. అడగడంలో తప్పేమీ లేదు. అతను ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. దేశం తరఫున ఆడినవి మొత్తం 12 మ్యాచ్‌లే. ఇటలీలో టీవీ ప్రసారాలు మొదలవకముందే, 30 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అయినా అక్కడ గొప్ప ఆటగాళ్ల లెక్క తీస్తే ఇప్పటికీ ముందు వరసలో అతని పేరు ఉంటుంది. మజోలా తానొక్కడే ఆడి పేరు తెచ్చుకున్నవాడు కాదు. పక్కనున్న పదిమందినీ కదిలించి గెలిపించినవాడు. ఎవరికైనా అవసరం వస్తే వెనకడుగు వేయని మనిషి. ఆ గుణమే అతన్ని కెప్టెన్‌ను చేసింది. చివరికి ఆ గుణమే జ్వరం తగ్గీ తగ్గకముందే విమానం ఎక్కించింది.

డబ్బాలు తన్నిన కుర్రాడు

మజోలా 1919 జనవరి 26న కస్సానో దద్దా అనే ఊళ్లో పుట్టాడు. మిలాన్ నగరానికి తూర్పున, అద్దా నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. కష్టం చేసుకుంటేనే పూట గడిచే కుటుంబం. పిల్లవాడికి బంతి కొనిచ్చే స్తోమత లేదు. దారిలో ఖాళీ రేకు డబ్బా కనబడితే చాలు, ఇల్లు చేరేదాకా తన్నుకుంటూ పోయేవాడు. అందుకే ఊళ్లో అతనికి తులేన్ అని పేరు పడింది. ఆ ప్రాంతపు యాసలో రేకు డబ్బా మాట నుంచి పుట్టిన ముద్దుపేరు అది.

అతనికి పదేళ్లప్పుడు ఓ సంఘటన జరిగింది. నదిలో ఓ చిన్న పిల్లాడు మునిగిపోతుంటే మజోలా వెంటనే దూకి బయటకు లాగాడు. ఆ పిల్లాడి పేరు ఆంద్రియా బొనోమి. పెద్దయ్యాక అతనూ ఫుట్‌బాల్ ఆటగాడే అయ్యాడు. ఏసీ మిలాన్ జట్టుకు కెప్టెన్ స్థాయికి ఎదిగాడు. ఒక చిన్న ఊరు, ఒకే నది, ఇద్దరు పిల్లలు. ఇద్దరూ పెద్ద జట్లకు నాయకులు కావడం విశేషమే.

ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ ఇంటి పరిస్థితి మరీ దిగజారింది. తండ్రి ప్రమాదంలో పోయాడు. మజోలా చదువు చిన్న బడితోనే ఆగిపోయింది. మొదట రొట్టెల దుకాణంలో పనికి కుదిరాడు. ఆ తర్వాత ఊళ్లోని నార బట్టల మిల్లులో చేరాడు. పగలంతా పని, సాయంత్రం ఆట. ఊరి జట్టులో అతని ఆట చూసినవాళ్లు మిలాన్‌లోని ఆల్ఫా రోమియో కార్ల ఫ్యాక్టరీ జట్టుకు పంపించారు. అక్కడ మెకానిక్ ఉద్యోగం, దాంతోపాటే జట్టులో చోటు దొరికాయి. ఆట బాగుంటే ఉద్యోగం నిలుస్తుంది, ఉద్యోగం నిలిస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఫుట్‌బాల్ అంటే సరదా కాదు, కష్టం చేసి సంపాదించుకునే కూడు అని మజోలాకు అప్పుడే తెలిసింది. తర్వాత ఎంత పేరొచ్చినా ఆ కూలివాడి పట్టుదల అతన్ని వదలలేదు.

ఓడరేవులో కుదిరిన జోడీ

రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్న సమయంలో మజోలాకు నౌకాదళంలో నిర్బంధ సేవ తప్పలేదు. అతన్ని వెనిస్‌కు పంపించారు. ఆ ఊరి క్లబ్బు వెనీజియా అతన్ని తీసుకుంది. 1940 మార్చిలో ఇటలీ అగ్రశ్రేణి లీగ్ అయిన సీరీ ఏలో మొదటిసారి బరిలోకి దిగాడు.

వెనిస్‌లోనే అతనికి ఎజియో లోయిక్ తోడయ్యాడు. ఇద్దరూ 1919లోనే పుట్టారు. మైదానంలో ఒకరు కుడి, ఒకరు ఎడమ. లోయిక్ బండ మనిషి, అలుపెరగకుండా పరిగెత్తేవాడు. మజోలా ఎత్తు 170 సెంటీమీటర్లకు అటూ ఇటూ అయినా గాల్లోకి ఎగిరితే ఆరడుగులవాళ్లను దాటి తలతో బంతి కొట్టేవాడు. ఈ ఇద్దరి పుణ్యమా అని వెనీజియా 1941లో ఇటాలియన్ కప్ గెలిచింది. ఫైనల్‌లో రోమా జట్టుతో తొలి మ్యాచ్ 3-3తో ముగిసింది. మళ్లీ ఆడితే లోయిక్ కొట్టిన ఒక్క గోల్‌తో కప్పు వెనిస్‌కు వచ్చింది. ఆ క్లబ్ చరిత్రలో అంత పెద్ద ట్రోఫీ మరొకటి లేదు. మరుసటి సీజన్లో లీగ్‌లో మూడో స్థానం దక్కింది. 1942 ఏప్రిల్‌లో క్రొయేషియాపై ఆడిన మ్యాచ్‌తో ఇద్దరూ ఒకే రోజున దేశం తరఫున అడుగుపెట్టారు.

జోడీని విడదీయని బేరం

ట్యూరిన్ నగరంలో రెండు పెద్ద క్లబ్బులు ఉన్నాయి. ఒకటి జువెంటస్, రెండోది టోరినో. టోరినోకు అధ్యక్షుడు ఫెరూచియో నోవో. తోలు సామాన్ల వ్యాపారి. కుర్రతనంలో తానూ ఆ క్లబ్బులో ఆడినవాడే. జట్టును ఒక్కో ఇటుకా పేర్చి కట్టాలన్నది అతని పంతం. మజోలా, లోయిక్‌ల మీద జువెంటస్ కూడా కన్నేసింది. నోవో ఆలస్యం చేయలేదు. 1942లో సుమారు 12 లక్షల లీరాలు పెట్టి, పైగా ఇద్దరు ఆటగాళ్లను వెనీజియాకు ఇచ్చి, జోడీని జోడీగానే తెచ్చుకున్నాడు. యుద్ధకాలంలో అది కళ్లు తిరిగే మొత్తం.

నోవో వెనక మరో మనిషి ఆలోచన ఉంది. అతను హంగరీకి చెందిన యూదు శిక్షకుడు ఎర్నో ఎర్బ్‌స్టైన్. ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాల వల్ల ఇటలీ విడిచి పోవాల్సి వచ్చింది. అయినా నోవోతో సంబంధం తెగలేదు. యుద్ధంలో చావు అంచుదాకా వెళ్లి బతికి బయటపడ్డాడు. శాంతి వచ్చాక మళ్లీ ట్యూరిన్ చేరి జట్టు బాధ్యత తీసుకున్నాడు.

అప్పట్లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో టోరినో ఆడేది. వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు. మధ్యలోని నలుగురిలో ఇద్దరు వెనక్కి చూసుకోవాలి, ఇద్దరు ముందుకు చూసుకోవాలి. మజోలాది ముందువైపు ఎడమ చోటు. కాగితం మీద అంతే. మైదానంలో చూస్తే అతను లేని చోటు లేదు. తన గోల్ ముందు బంతి లాక్కునేది అతనే. దాన్ని నడుపుకుంటూ సగం మైదానం దాటేది అతనే. చివరకు గోల్ కొట్టేది కూడా చాలాసార్లు అతనే. రెండు కాళ్లతోనూ సమానంగా కొట్టేవాడు. ఇప్పుడు మిడ్‌ఫీల్డర్ అనగానే ఎవరి నుంచైనా ఏమేమి ఆశిస్తామో, అవన్నీ ఆనాడే చేసి చూపించాడు.

తొలి సీజన్ 1942-43 చివరి రోజు దాకా సాగింది. లివోర్నో జట్టు ఒక్క పాయింటు తేడాతో వెంటాడుతోంది. ఆఖరి మ్యాచ్ బారి నగరంలో. అక్కడ మజోలా కొట్టిన ఏకైక గోల్ టోరినోను ఛాంపియన్‌ను చేసింది. అదే ఏడాది ఇటాలియన్ కప్ కూడా గెలిచారు. ఒకే సీజన్లో లీగ్, కప్పు రెండూ గెలిచిన మొదటి ఇటలీ జట్టు అదే.

యుద్ధం మింగిన రెండేళ్లు

సరిగ్గా ఆట పండే వయసులో యుద్ధం అడ్డుపడింది. ట్యూరిన్ మీద బాంబులు పడ్డాయి. 1943 సెప్టెంబర్ తర్వాత ఉత్తర ఇటలీ జర్మన్ సైన్యం చేతికి చిక్కింది. సీరీ ఏ రెండేళ్లపాటు ఆగిపోయింది. ఆటగాళ్లను సైన్యంలోకో, జర్మనీకి కూలికో పట్టుకుపోతారన్న భయంతో నోవో వాళ్లను ఫియట్ కార్ల కంపెనీ ఉద్యోగులుగా చూపించాడు. జట్టు పేరు కూడా టోరినో ఫియట్ అయింది. ఆ పేరుతోనే 1944లో ఉత్తర ఇటలీ పోటీలో ఆడి, లా స్పెజియా ఊరి అగ్నిమాపక సిబ్బంది జట్టు చేతిలో 2-1తో ఓడిపోయారు. మంటలార్పేవాళ్లు మహా జట్టును ఓడించారన్న ముచ్చట ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు.

1942లో, 1946లో ప్రపంచ కప్‌లు జరగనే లేదు. మజోలాకు అప్పుడు 23, 27 ఏళ్లు. ఇక మిగిలింది 1950. ఆ ఒక్క అవకాశం మీదే ఆశ.

బాకా మోగిందంటే...

యుద్ధం ముగిశాక టోరినో ఆట మొదలైంది. 1946, 1947, 1948 వరసగా లీగ్ టైటిళ్లు. 1946-47 సీజన్లో మజోలా 29 గోల్స్‌తో లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. 1947-48లో టోరినో 40 మ్యాచ్‌లలో 125 గోల్స్ కొట్టింది. రెండో స్థానంలోని జట్టుకు 16 పాయింట్ల దూరంలో ఉంది. గెలుపునకు రెండు పాయింట్లే ఇచ్చే రోజుల్లో అది మామూలు తేడా కాదు. రోమా ఊరికి వెళ్లి రోమాను 7-0తో ఓడించారు. ఇంట్లో అలెస్సాండ్రియా జట్టుపై 10-0.

వాళ్ల మైదానం పేరు ఫిలడెల్ఫియా. పెద్ద స్టేడియమేమీ కాదు. జనం ఆటగాళ్ల ఊపిరి వినబడేంత దగ్గరగా కూర్చునేవాళ్లు. 1943 జనవరి తర్వాత మజోలా బతికున్నన్నాళ్లూ ఆ మైదానంలో టోరినో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడలేదు.

అక్కడో ఆచారం ఉండేది. బోల్మిడా అనే రైల్వే ఉద్యోగి రోజూ బాకా పట్టుకొని మ్యాచ్‌కు వచ్చేవాడు. జట్టు నీరసంగా ఆడుతోందనిపిస్తే లేచి బాకా ఊదేవాడు. అది వినగానే మజోలా తన ఎర్ర చొక్కా చేతులు పైకి మడిచేవాడు. అంతే. మిగతా పదిమందికీ అదే సైగ. ఆ తర్వాత పావుగంట ఎదుటి జట్టుకు చుక్కలు కనిపించేవి. వెనకబడిన మ్యాచ్‌లు చేతికొచ్చేవి. ఆ పావుగంటకు అక్కడ ప్రత్యేకంగా పేరే పెట్టుకున్నారు. మజోలా మైదానంలో ఉపన్యాసాలిచ్చే రకం కాదు. మిల్లులో పనికి దిగే కూలీ చేతులు మడిచినట్టు మడిచి, ముందు తాను పరిగెత్తేవాడు. మిగతావాళ్లు వెంట రాక తప్పేది కాదు.

1947 మే 11న ఇటలీ జట్టు హంగరీతో ట్యూరిన్‌లోనే తలపడింది. ఆ రోజు ఇటలీ పదకొండు మందిలో పదిమంది టోరినో వాళ్లే. గోల్‌కీపర్ ఒక్కడే జువెంటస్ మనిషి. ఇటలీ 3-2తో గెలిచింది. అయితే అన్నీ గెలుపులే అనుకోకూడదు. ఏడాది తిరిగేసరికి అదే ఊళ్లో ఇంగ్లండ్ 4-0తో ఇటలీని చిత్తుచేసింది. ఆ జట్టులో మజోలా కూడా ఉన్నాడు.

ఇంటి చిక్కులు

మైదానంలో అందరినీ కలిపి నడిపిన మనిషికి ఇల్లు మాత్రం కలిసిరాలేదు. మొదటి భార్యతో ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సాండ్రో 1942 నవంబర్‌లో, చిన్నవాడు 1945లో పుట్టారు. చిన్నవాడికి క్లబ్ అధ్యక్షుడి పేరే ఫెరూచియో అని పెట్టుకున్నాడు. తర్వాత భార్యాభర్తలు విడిపోయారు. అప్పటి ఇటలీలో విడాకుల చట్టమే లేదు. అది వచ్చింది 1970లో. విదేశీ కోర్టు ద్వారా పెళ్లి రద్దు చేయించుకొని 1949 ఏప్రిల్‌లో మజోలా మరో పెళ్లి చేసుకున్నాడు. దాని మీద పత్రికల్లో గోల, కోర్టుల్లో తగాదా. సాండ్రో తండ్రి దగ్గర ట్యూరిన్‌లో, ఫెరూచియో తల్లి దగ్గర. సాండ్రోకు చిన్న సైజు ఎర్ర చొక్కా తొడిగి తండ్రి మైదానానికి వెంటబెట్టుకుపోయేవాడు.

లిస్బన్‌కు ఇచ్చిన మాట

1949 ఫిబ్రవరి 27న జెనోవాలో ఇటలీ, పోర్చుగల్ మధ్య మ్యాచ్ జరిగింది. ఇటలీ 4-1తో గెలిచింది. పోర్చుగల్ కెప్టెన్ ఫ్రాన్సిస్కో ఫెరేరా. లిస్బన్‌లోని బెన్ఫికా క్లబ్ ఆటగాడు. అతని గౌరవార్థం ఒక మ్యాచ్ పెట్టాలని అనుకుంటున్నారు. టోరినో వస్తే స్టేడియం నిండుతుంది. మజోలా సరేనని, నోవోను ఒప్పించాడని చెబుతారు. సీజన్ ఆఖరులో ఈ ప్రయాణం ఎందుకని నోవో మొదట వెనకాడాడు. ఏప్రిల్ 30న ఇంటర్ జట్టుతో మ్యాచ్ ఉంది. అది ఓడకుంటేనే వెళ్దాం అన్నది షరతు.

ఆ మ్యాచ్‌కు మజోలా దూరమయ్యాడు. గొంతు వాచి జ్వరం. అతను లేకుండానే టోరినో 0-0తో నెట్టుకొచ్చింది. నాలుగు మ్యాచ్‌లు మిగిలి ఉండగా నాలుగు పాయింట్ల ఆధిక్యం, టైటిల్ దాదాపు చేతిలో పడ్డట్టే. లిస్బన్‌కు మజోలా పోకపోయినా తప్పుపట్టేవాళ్లు లేరు. కానీ మ్యాచ్ కుదిర్చింది అతను. సాటి కెప్టెన్‌కు మాట ఇచ్చింది అతను. ఒంట్లో బాగాలేకున్నా విమానం ఎక్కాడు.

మే 3న లిస్బన్ స్టేడియం కిక్కిరిసింది. బెన్ఫికా 4-3తో గెలిచింది. గెలుపోటములు ఎవరికీ పట్టలేదు. ఇచ్చిన మాట నిలిచింది, అది చాలు.

సుపెర్గా కొండ

మే 4న విమానం తిరుగు ప్రయాణమైంది. బార్సిలోనాలో ఇంధనం నింపుకొని ట్యూరిన్ దారి పట్టింది. ట్యూరిన్ మీద వాన, దట్టమైన పొగమంచు. ఊరికి తూర్పున సుపెర్గా అనే కొండ, దాని మీద పెద్ద చర్చి ఉన్నాయి. సాయంత్రం 5 దాటి కొన్ని నిమిషాలకు విమానం ఆ చర్చి వెనక గోడను ఢీకొంది. లోపలున్న 31 మందిలో ఒక్కరూ మిగల్లేదు. 18 మంది ఆటగాళ్లు. మజోలా, అతని జోడీ లోయిక్, గోల్‌కీపర్ బచిగలూపో, గబెట్టో, మరోసో, రిగమోంటి, అన్నదమ్ములు ఆల్డో, డినో బల్లరిన్... శిక్షకుడు ఎర్బ్‌స్టైన్, ఇంగ్లిష్ కోచ్ లీవ్స్‌లీ, ముగ్గురు విలేకరులు, విమాన సిబ్బంది. యుద్ధంలో నాజీల చేతికి చిక్కి కూడా బతికిన ఎర్బ్‌స్టైన్ సొంత ఊరి లాంటి ట్యూరిన్ ముంగిట్లో పోయాడు. నోవో అనారోగ్యం వల్ల, డిఫెండర్ సౌరో తోమా మోకాలి గాయం వల్ల ప్రయాణం మానుకొని బతికిపోయారు.

మృతదేహాలను గుర్తుపట్టే పని విటోరియో పొట్సో మీద పడింది. ఇటలీకి 1934, 1938 ప్రపంచ కప్‌లు తెచ్చిపెట్టిన శిక్షకుడు అతను. తాను ఆడించిన కుర్రాళ్లనే ఒక్కొక్కరిగా పేరు చెప్పి అప్పగించాల్సి వచ్చింది. మే 6న జరిగిన అంత్యక్రియలకు ట్యూరిన్ వీధుల్లో ఐదు లక్షల మందికి పైగా జనం నిలబడ్డారు. యుద్ధంలో ఓడి, పరువు పోయి, తిండికి కటకటలాడిన దేశానికి తల ఎత్తుకొనే కారణం ఇచ్చిన జట్టు అది. ఆ జనం ఏడ్చింది అందుకే.

సీజన్లో మిగిలిన నాలుగు మ్యాచ్‌లకు టోరినో కుర్రాళ్ల జట్టును దింపింది. ఎదుటి క్లబ్బులు కూడా తమ పెద్ద ఆటగాళ్లను పక్కనబెట్టి కుర్రాళ్లనే పంపించాయి. నాలుగూ గెలిచి టోరినో వరసగా ఐదో టైటిల్ అందుకుంది. మే 26న అర్జెంటీనా నుంచి రివర్ ప్లేట్ జట్టు సముద్రాలు దాటొచ్చి బాధిత కుటుంబాల కోసం మ్యాచ్ ఆడింది.

అందని ప్రపంచ కప్

మజోలా ఎదురుచూసిన 1950 ప్రపంచ కప్ బ్రెజిల్‌లో జరిగింది. సుపెర్గా భయం ఇంకా పోలేదు. ఇటలీ ఆటగాళ్లు విమానం వద్దనుకొని ఓడలో రోజుల తరబడి ప్రయాణించి వెళ్లారు. ఆ జట్టు బాధ్యుల్లో నోవో కూడా ఒకడు. తొలి మ్యాచ్‌లోనే స్వీడన్ చేతిలో 3-2తో ఓడి, మొదటి దశలోనే ఇంటిదారి పట్టారు. ఆ గ్రూపులో ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో పాటు నాలుగో పేరు మన భారతదేశానిది. మనవాళ్లు బ్రెజిల్ వెళ్లనే లేదు. సుపెర్గా ప్రమాదం జరగకపోయి ఉంటే, మనవాళ్లు ప్రయాణం మానుకోకపోయి ఉంటే, భారత ఆటగాళ్లు మజోలా ఎదురుగా నిలబడేవాళ్లేమో. రెండూ జరగలేదు.

టోరినో మళ్లీ లీగ్ గెలవడానికి 27 ఏళ్లు పట్టింది. 1976లో గెలిచిన ఆ టైటిలే వాళ్లకు ఇప్పటిదాకా ఆఖరుది. ఏటా మే 4న టోరినో కెప్టెన్ సుపెర్గా కొండ మీద నిలబడి పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతాడు.

కొడుకు మోసిన పేరు

తండ్రి పోయేనాటికి సాండ్రోకు ఆరేళ్లు. తల్లి దగ్గరకు కస్సానోకు చేరాడు. ఇంటర్ ఆటగాడు బెనీటో లొరెంజి, మజోలా మీద అభిమానంతో, పిల్లలిద్దరినీ తన క్లబ్బుకు దగ్గర చేశాడు. సాండ్రో ఎక్కడ బంతి తన్నినా జనం తండ్రితో పోల్చేవాళ్లు. తండ్రిలా ఆడలేడులే అన్న మాటలు విని విని ఆట మానేద్దామా అనుకున్న రోజులున్నాయి. మానలేదు. 1961లో ఇంటర్ తరఫున ఆడిన మొదటి లీగ్ మ్యాచ్‌లో జట్టు 9-1తో ఓడితే ఆ ఒక్క గోల్ కొట్టింది సాండ్రోనే. ఆ తర్వాత 1968లో ఇటలీతో యూరప్ టైటిల్ గెలిచాడు. 1970లో తండ్రికి అందని ప్రపంచ కప్‌లో ఫైనల్ దాకా వెళ్లి ఆడాడు.

అన్నిటికన్నా ముందు 1964 మే 27 ఉంది. వియన్నాలో యూరోపియన్ కప్ ఫైనల్. ఇంటర్ 3-1తో రియల్ మాడ్రిడ్‌ను ఓడించింది. అందులో రెండు గోల్స్ సాండ్రోవి. మ్యాచ్ అయ్యాక రియల్ ఆటగాడు పుస్కాస్ అతని దగ్గరకు వచ్చాడు. 1947లో ట్యూరిన్‌లో హంగరీ తరఫున మజోలా ఎదురుగా ఆడిన పుస్కాసే అతను. నీ తండ్రితో ఆడాను, నువ్వు ఆయన పేరు నిలబెట్టావు అన్న అర్థంలో మాట చెప్పి, తన చొక్కా విప్పి ఇచ్చాడు.

సాండ్రో తండ్రి ఆటను చూసింది ఆరేళ్లు నిండిన కొద్ది నెలల వరకే. మిగతాదంతా ఆ ఆటలో ఓడినవాళ్లు చెబితే తెలుసుకున్నాడు.